కొలైటిస్, క్రోన్స్ ఉన్నవాళ్లకు ప్రోబయోటిక్స్: ఏది ఎవరికి పనికొస్తుంది, ఏది కొనక్కర్లేదు

పేగు వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ అనో, క్రోన్స్ అనో (రెండింటినీ కలిపి ఐబీడీ అంటారు) డాక్టర్ తేల్చి చెప్పిన నెల తిరక్కుండానే ఇంట్లో ప్రోబయోటిక్స్, అంటే పేగుకు మేలు చేస్తాయని తీసుకునే బతికున్న సూక్ష్మజీవుల మాట మొదలవుతుంది. మందుల షాపతను ఒక స్ట్రిప్పు చేతిలో పెడతాడు. చుట్టాలు రెండు పూటలా పెరుగన్నం తినమంటారు. ఫోన్ తెరిస్తే "మంచి బ్యాక్టీరియా" ప్రకటనలు వరసగా వస్తాయి. ఇవన్నీ ఒకటే సరుకన్నట్టు, ఏది తీసుకున్నా పేగుకు మేలే అన్నట్టు అందరూ మాట్లాడుతుంటారు. అసలు తంటా అంతా అక్కడే ఉంది.

నేనైతే ఎలా ఎంచుకుంటానో ముందే చెప్పేస్తాను. పెద్దపేగు తీసేసి పౌచ్ ఆపరేషన్ (చిన్నపేగుతో సంచి కుట్టడం) చేయించుకున్నవాళ్లకు ఎనిమిది రకాల బ్యాక్టీరియా కలిపిన హై డోస్ ప్రోబయోటిక్ గురించి డాక్టర్‌ని తప్పకుండా అడగమంటాను. అల్సరేటివ్ కొలైటిస్ తేలికపాటిగానో మధ్యస్థంగానో ఉన్నవాళ్లకు, డబ్బుకు ఇబ్బంది లేకపోతే, వాడుతున్న మందులకు తోడుగా అదే రకాన్ని రెండు నెలలు వాడి చూడొచ్చంటాను. క్రోన్స్ ఉన్నవాళ్లకు మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోమంటాను. పెరుగు ఎవరికి పడితే వాళ్లు హాయిగా తినొచ్చు, కానీ దాన్ని మందు లెక్కలో వేయొద్దు. ఎందుకంటున్నానో వివరంగా చూద్దాం.

జబ్బు పేరు సరిగ్గా తేలిందా?

ప్రోబయోటిక్ ప్రకటనల్లో చాలావరకు ఐబీఎస్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఐబీఎస్‌లో కడుపు ఉబ్బరం, నొప్పి, విరేచనాలు, మలబద్ధకం ఉన్నా కొలనోస్కోపీలో పేగు మామూలుగానే కనిపిస్తుంది. ఐబీడీ అలా కాదు. పేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, రక్తం కారుతుంది. మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చూపే ప్రొటీన్) పెరుగుతుంది, బయాప్సీలో తేడా తెలుస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒక జబ్బు సలహాను ఇంకో జబ్బుకు వాడితే నష్టపోయేది రోగే.

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. పేగు టీబీ చూడ్డానికి అచ్చం క్రోన్స్ లాగే ఉంటుంది. రెండింటినీ విడదీసి చెప్పడం అనుభవమున్న గ్యాస్ట్రో డాక్టర్లకే ఒక్కోసారి కష్టం. అమీబా వల్ల వచ్చే జిగట విరేచనాలు కొలైటిస్‌లా కనిపించొచ్చు. కాబట్టి రక్తం పడుతుంటే ముందు ప్రోబయోటిక్ వాడి చూద్దాం, తర్వాత పరీక్షలు చేయిద్దాం అనే ఆలోచన వద్దు. హైదరాబాద్‌లో ఏఐజీ లాంటి ఆస్పత్రుల్లో ఐబీడీకి ప్రత్యేక విభాగమే ఉంది. ఒక్కసారైనా అలాంటి చోట చూపించుకుని, జబ్బు పేరు, పేగులో ఎంతమేర ఉంది, ఇప్పుడు ఏ దశలో ఉంది అనే మూడూ కాగితం మీద రాయించుకోండి. ఎంపిక మొదలయ్యేది ఆ కాగితంతోనే.

లేబుల్ మీద చూడాల్సింది

విత్తనాల కొట్టుకెళ్లి "వరి ఇవ్వండి" అని ఊరుకోం కదా. బీపీటీ 5204 కావాలా, ఎంటీయూ 1010 కావాలా అన్నదాన్ని బట్టే పంట కాలం, గింజ, ధర అన్నీ మారిపోతాయి. ప్రోబయోటిక్స్ కూడా అంతే. ల్యాక్టోబాసిల్లస్ అన్నది ఒట్టి ఇంటిపేరు. దాని తర్వాత జాతి పేరు, ఆ తర్వాత స్ట్రెయిన్ గుర్తు ఉండాలి. ఒక స్ట్రెయిన్ మీద జరిగిన పరిశోధన దాని పక్కింటి స్ట్రెయిన్‌కు వర్తించదు. డబ్బా మీద "ల్యాక్టోబాసిల్లస్, బిఫిడోబ్యాక్టీరియం మిశ్రమం" అని మాత్రమే ఉండి స్ట్రెయిన్ వివరం లేకపోతే, ఐబీడీ కోసం నేను దాన్ని కొనను.

రెండోది డోసు. సీఎఫ్‌యూ అంటే అందులో బతికుండి, పెరగగల సూక్ష్మజీవుల లెక్క. డబ్బాల మీద బిలియన్లలో వేస్తారు. ఒక బిలియన్ అంటే వంద కోట్లు. మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016 నిబంధనల ప్రకారం ప్రోబయోటిక్ ఆహారం అనిపించుకోవాలంటే రోజు మోతాదులో కనీసం 10 కోట్లు ఉండాలి. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ కొలైటిస్ ట్రయల్స్‌లో వాడిన డోసు ముందు అది ఏమూలకూ రాదు.

ఎనిమిది స్ట్రెయిన్ల మిశ్రమం: ఎక్కువ ఆధారం దీనికే

ఇటలీకి చెందిన క్లాడియో డి సిమోన్ తయారుచేసిన మిశ్రమం ఇది. నాలుగు ల్యాక్టోబాసిల్లస్‌లు, మూడు బిఫిడోబ్యాక్టీరియంలు, ఒక స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ ఇందులో ఉంటాయి. చాలా ఏళ్లు వీఎస్‌ఎల్ 3 పేరుతో అమ్మారు, పరిశోధనలు కూడా ఆ పేరుతోనే జరిగాయి.

దీని బలం ఎక్కువగా కనిపించింది పౌచ్ ఉన్నవాళ్లలో. కొలైటిస్ ముదిరి పెద్దపేగు మొత్తం తీసేసినప్పుడు చిన్నపేగు చివరి భాగాన్ని మడిచి సంచిలా కుట్టి మలద్వారానికి కలుపుతారు. ఆ సంచి వాచడాన్నే పౌచైటిస్ అంటారు. యాంటీబయోటిక్స్ వాడితే తగ్గుతుంది, కొందరిలో పదే పదే తిరగబెడుతుంది. 2000లో ఇటలీలో 40 మంది మీద ట్రయల్ చేశారు. ముందు యాంటీబయోటిక్స్‌తో వాపు తగ్గించి, ఆ తర్వాత తొమ్మిది నెలలపాటు సగం మందికి ఈ మిశ్రమం, సగం మందికి మందు లేని ఉత్త పొడి ఇచ్చారు. మిశ్రమం తీసుకున్న 20 మందిలో ముగ్గురికే జబ్బు తిరగబెట్టింది. ఉత్త పొడి తీసుకున్న 20 మందికి 20 మందికీ తిరగబెట్టింది. ట్రయల్ చిన్నదే అయినా ఇంత తేడా అరుదుగా చూస్తాం. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజికల్ అసోసియేషన్ 2020 మార్గదర్శకాల్లో కూడా ఐబీడీ విషయంలో ప్రోబయోటిక్ వాడొచ్చని సూచించింది ఈ ఒక్క పరిస్థితికే, అదీ ఈ ఎనిమిది స్ట్రెయిన్ల మిశ్రమమే, అదీ షరతులతో.

పేగు తీయని మామూలు అల్సరేటివ్ కొలైటిస్ సంగతికొస్తే మన దేశంలోనే మంచి ట్రయల్ జరిగింది. లూధియానాకు చెందిన అజిత్ సూద్ బృందం 147 మంది మీద చేసి 2009లో ప్రచురించింది. అందరూ తేలికపాటి నుంచి మధ్యస్థ కొలైటిస్ ఉన్నవాళ్లే. 12 వారాలు గడిచేసరికి మిశ్రమం తీసుకున్నవాళ్లలో 42.9 శాతం మందికి జబ్బు అదుపులోకి వచ్చింది, ఉత్త పొడి తీసుకున్నవాళ్లలో 15.7 శాతానికే వచ్చింది. మరుసటి ఏడాది ఇటలీ ట్రయల్ ఒకటి వచ్చింది. అందులో 144 మందికి వాళ్ల మామూలు మందులు ఆపకుండానే ఎనిమిది వారాలు ఇది కలిపి ఇచ్చారు. లక్షణాల స్కోరు తగ్గింది, రక్తం పడటం తగ్గింది. అయితే లోపల కెమెరాతో చూసినప్పుడు పేగు పొరలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నాకిది చాలా ముఖ్యమైన విషయంగా అనిపిస్తుంది. ఐబీడీ వైద్యంలో ఇప్పుడు గురి లోపలి పుండ్లు మానడం మీదే. పైకి బాగుందనిపించడం ఒక్కటే చాలదు. అల్సరేటివ్ కొలైటిస్‌కు ప్రోబయోటిక్స్‌ను ట్రయల్స్‌లో తప్ప వాడొద్దని అదే అమెరికన్ సంఘం అనడానికి కారణం ఆధారాలు ఇలా అరకొరగా ఉండటమే.

ఇక డోసు లెక్క. 144 మంది మీద చేసిన ఆ ఇటలీ ట్రయల్‌లో రోజుకు ఇచ్చింది 3.6 లక్షల కోట్ల సీఎఫ్‌యూ. లూధియానా డోసు కూడా దానికి తగ్గదు. 45 వేల కోట్ల, అంటే 450 బిలియన్ల సాషేతో అంత డోసు రావాలంటే రోజుకు ఎనిమిది సాషేలు కావాలి. 112.5 బిలియన్ల క్యాప్సూల్ అయితే 32 కావాలి. రోజుకు ఒక క్యాప్సూల్ రాసిచ్చారని, అది వేసుకుంటూ ట్రయల్‌లో వచ్చిన ఫలితం వస్తుందని ఎదురుచూస్తే ఎలా? కొనేముందే నెలకు ఎన్ని సాషేలు, ఎంత ఖర్చు అని మందుల షాపులో లెక్క కట్టించుకోండి. ఆ లెక్క విన్నాక చాలామంది మనసు మార్చుకుంటారు. అందులో తప్పేమీ లేదు. ఆ డబ్బుతో కొలైటిస్‌కు మామూలుగా రాసే మందు మెసలమైన్ ఒక్క పూట కూడా మానకుండా వాడటం ఎన్నో రెట్లు మేలు.

పేరు విషయంలో కూడా జాగ్రత్తగా ఉండాలి. 2016 తర్వాత అమెరికా, యూరప్‌లలో వీఎస్‌ఎల్ 3 బ్రాండు ఒకరి దగ్గర, డి సిమోన్ అసలు ఫార్ములా ఇంకొకరి దగ్గర ఉండిపోయాయి. అసలు ఫార్ములాను ఇప్పుడు అమెరికాలో విస్‌బయోమ్ అని, యూరప్‌లో వివోమిక్స్ అని అమ్ముతున్నారు. కొత్త సరుకును పాత ఫార్ములాయేనన్నట్టు ప్రచారం చేశారన్న కేసులో 2018లో మేరీల్యాండ్ ఫెడరల్ కోర్టు జ్యూరీ డి సిమోన్ పక్షానికి అనుకూలంగా తీర్పిచ్చింది. అమెరికా నుంచి అన్నయ్యో అక్కో తెస్తామంటే ఏ పేరుతో ఉన్నది తేవాలో డాక్టర్‌ని అడిగి మరీ చెప్పండి. దాన్ని చల్లగానే తేవాలి కూడా. ఇవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన బ్యాక్టీరియా. మే నెలలో విజయవాడ ఎండలో కొరియర్ బండిలో ఒక పగలంతా ఉన్న ప్యాకెట్‌లో ఎన్ని బతికుంటాయో ఎవరూ చెప్పలేరు. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే షాపులోనే కొని, ఐస్ ప్యాక్ అడిగి తెచ్చుకోండి. వేడి పాలలోనో, పొగలు కక్కే అన్నంలోనో కలపకండి. చల్లటి నీళ్లలో కలిపి తాగాలి.

ఈ. కోలి నిస్లే 1917

మొదటి ప్రపంచ యుద్ధంలో చుట్టూ సైనికులంతా విరేచనాలతో పడిపోతుంటే ఒక్క సైనికుడికి ఏమీ కాలేదు. 1917లో ఫ్రైబర్గ్‌లో ఆల్‌ఫ్రెడ్ నిస్లే అనే డాక్టర్ అతని మలం నుంచి వేరుచేసిన ఈ. కోలి ఇది. ఈ. కోలి అనగానే భయపడక్కర్లేదు, ఇది హాని చేయని రకం. జర్మనీలో మ్యూటాఫ్లోర్ పేరుతో దొరుకుతుంది.

దీని ఉపయోగం వేరు. జబ్బు ఎగదన్నినప్పుడు తగ్గించడానికి కాకుండా, తగ్గాక తిరగబెట్టకుండా కాపాడటానికి. 2004లో వచ్చిన ట్రయల్‌లో 327 మందిని ఏడాదిపాటు చూశారు. నిస్లే తీసుకున్నవాళ్లలో 36.4 శాతం మందికి, మెసలమైన్ తీసుకున్నవాళ్లలో 33.9 శాతం మందికి తిరగబెట్టింది. అంటే దాదాపు సమానం. కాకపోతే అందులో వాడిన మెసలమైన్ రోజుకు 1.5 గ్రాములే. ఇప్పుడు చాలామందికి అంతకంటే ఎక్కువే రాస్తున్నారు. మెసలమైన్ అస్సలు పడనివాళ్లకు, వేసుకుంటే తలనొప్పో విరేచనాలో ఎక్కువయ్యేవాళ్లకు ఇదొక దారి. మన మందుల షాపుల్లో మామూలుగా దొరకదు కాబట్టి జర్మనీలోనో దాని చుట్టుపక్కలో ఉంటున్న మనవాళ్లకే ఇది నిజంగా అందుబాటులో ఉన్న ఎంపిక. ఇక్కడున్నవాళ్లు దీని కోసం తిప్పలు పడక్కర్లేదు.

క్రోన్స్ అయితే

ఆశ పుట్టించిన ట్రయల్స్ ఉన్నాయి. శాకరోమైసిస్ బౌలార్డీ బ్యాక్టీరియా కాదు, ఒక రకం ఈస్ట్. మన దగ్గర ఎకోనార్మ్ లాంటి పేర్లతో సాషేల్లో దొరుకుతుంది. 2000లో 32 మంది మీద చేసిన చిన్న ట్రయల్‌లో మెసలమైన్‌తో కలిపి ఇస్తే క్రోన్స్ తిరగబెట్టడం బాగా తగ్గింది. ఆ మాటే ఇప్పటికీ తిరుగుతోంది. కానీ 2013లో 165 మందిని ఏడాదిపాటు చూసిన పెద్ద ట్రయల్ వచ్చింది. ఈస్ట్ తీసుకున్నవాళ్లలో 47.5 శాతం మందికి, ఉత్తది తీసుకున్నవాళ్లలో 53.2 శాతం మందికి తిరగబెట్టింది. లెక్కలోకి తీసుకునేంత తేడా కాదది. ల్యాక్టోబాసిల్లస్ జీజీని క్రోన్స్ ఆపరేషన్ అయినవాళ్లలో, పిల్లల్లో వేర్వేరుగా పరీక్షించినా లాభం కనిపించలేదు.

అందుకే క్రోన్స్‌కు ఏ ప్రోబయోటిక్ మంచిదని అడిగితే ఏదీ వద్దనే చెబుతాను. ఇమ్యూనిటీని తగ్గించే అజాథియోప్రిన్, బయోలాజిక్ ఇంజెక్షన్ల ఖర్చుతోనే కుటుంబాలు నలిగిపోతున్నప్పుడు పనిచేయనిదాన్ని చేర్చి భారం పెంచడం అన్యాయం. సిగరెట్ అలవాటుంటే మానేయడం క్రోన్స్‌లో ఏ సాషే కన్నా పెద్ద మందు.

షాపులో తేలిగ్గా దొరికేవి

ఎంటెరోజెర్మినాలో ఉండేది బాసిల్లస్ క్లాసీ. ఐదు మిల్లీలీటర్ల చిన్న సీసాలో 200 కోట్ల స్పోర్లు. గింజలాంటి గట్టి పెంకులో ఉంటాయి కాబట్టి ఫ్రిజ్ అవసరం లేదు. మామూలు విరేచనాల్లో, యాంటీబయోటిక్స్ వాడేటప్పుడు డాక్టర్లు రాస్తుంటారు. స్పోర్లాక్ కూడా స్పోర్ల రకమే. ఇవి చెడ్డవి కావు, కానీ కొలైటిస్‌కు వీటిని వాడమనడానికి తగిన ఆధారం లేదు. యాకుల్ట్ 65 మిల్లీలీటర్ల సీసాలో 650 కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది, చక్కెర కూడా ఉంటుంది. ఇష్టమైతే పానీయంగా తాగండి, అంతే.

ప్రోబయోటిక్‌తో పాటు ఎఫ్‌ఓఎస్ లాంటి ప్రీబయోటిక్ పీచు (బ్యాక్టీరియాకు తిండిగా పనికొచ్చే పీచు) కలిపిన డబ్బాలు కూడా ఎక్కువగానే వస్తున్నాయి. జబ్బు ఎగదన్ని ఉన్నప్పుడు ఆ పీచు కడుపులో పులిసి గ్యాస్, నొప్పి పెంచొచ్చు. పేగు సన్నబడి ఇరుకైన క్రోన్స్ రోగులు మరీ జాగ్రత్తగా ఉండాలి.

పెరుగు, మజ్జిగ, తరవాణి

ఇంట్లో తోడేసిన పెరుగులో బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది, నిజమే. కానీ ఏ స్ట్రెయిన్ ఉందో, ఎంత ఉందో తెలియదు. తోడు మారితే మారుతుంది, ఎండాకాలం చలికాలం తేడాతో మారుతుంది. తరవాణి, చద్దన్నం సంగతీ అంతే. ఇడ్లీ, దోసెల పిండి పులిసినప్పుడు బ్యాక్టీరియా పుష్కలంగా ఉన్నా, ఆవిరి మీద ఉడికాక, పెనం మీద కాలాక ఏమీ మిగలదు. మరగబెట్టిన మజ్జిగ పులుసు కూడా అంతే. ఇడ్లీ జబ్బు ఎగదన్నినప్పుడు తేలిగ్గా అరిగే మంచి తిండి. తినాల్సింది అందుకు, ప్రోబయోటిక్ అని కాదు.

పెరుగు మానేయమని మాత్రం నేననను. చాలామంది జబ్బు పేరు వినగానే పాలు, పెరుగు అన్నీ ఆపేసి ప్రొటీన్, కాల్షియం అందక నీరసపడిపోతారు. స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ఎముకల కోసం కాల్షియం మరింత అవసరం. పాలు పడనివాళ్లకు కూడా పెరుగు చాలాసార్లు పడుతుంది, తోడుకునేటప్పుడు ల్యాక్టోజ్ కొంత తగ్గుతుంది కాబట్టి. ఒక కప్పుతో మొదలుపెట్టి చూడండి. అజాథియోప్రిన్, బయోలాజిక్స్ లాంటి ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లు బాగా కాచిన పాలతో ఇంట్లో తోడేసినదే తినాలి. రోడ్డు పక్క మజ్జిగ, రాత్రంతా బయట ఉన్న చద్దన్నం వద్దు.

ఎవరు దూరంగా ఉండాలి

"సహజమైనవి కదా, ఏమవుతుంది" అనే మాటకు నాకు భయమేస్తుంది. 2008లో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) ఉన్న 298 మంది మీద చేసిన ట్రయల్‌లో ప్రోబయోటిక్ ఇచ్చిన వర్గంలో 24 మంది, ఇవ్వని వర్గంలో 9 మంది చనిపోయారు. అది వేరే జబ్బు, ఐసీయూ స్థాయి రోగులు. అయినా ఒంట్లో పేగు గోడ దెబ్బతిన్న మనిషికి కోట్ల కొద్దీ సూక్ష్మజీవుల్ని ఇవ్వడం తేలికైన విషయం కాదని అది చూపించింది. బౌలార్డీ ఈస్ట్ అయితే మెడ దగ్గర సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) పెట్టినవాళ్ల రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి. ఆ మంచం పక్కన సాషే చించినా ప్రమాదమే. ఆస్పత్రిలో చేరినవాళ్లు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు నడుస్తున్నవాళ్లు, తెల్లకణాలు బాగా పడిపోయినవాళ్లు డాక్టర్ రాయకుండా ఏ ప్రోబయోటిక్కూ ముట్టుకోకూడదు.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెప్పాలి. క్యాప్సూల్స్‌తో బాగుందని మెసలమైన్ ఆపేసినవాళ్లను నేను దగ్గర నుంచి చూశాను. ఎగదన్నిన జబ్బు మళ్లీ దారికొచ్చేసరికి వాళ్లు పడిన అవస్థ ఎవరికీ రాకూడదు. ప్రోబయోటిక్ ఎప్పుడైనా అసలు మందుకు తోడే. దాని బదులు కాదు.

వాడి చూడాలనుకుంటే

జబ్బు కొంత నిలకడగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. అదే వారంలో ఆహారం మార్చడం, కొత్త మందు మొదలుపెట్టడం లాంటివి చేయకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. వాడకముందు క్యాల్‌ప్రొటెక్టిన్ ఒకసారి చేయించండి. రోజూ ఎన్నిసార్లు మోషన్‌కి వెళ్లారు, రక్తం పడిందా, రాత్రి లేవాల్సి వచ్చిందా, ఈ మూడూ క్యాలెండర్ మీదే రాసుకోండి. మొదటి వారం కొంచెం గ్యాస్, ఉబ్బరం ఉండొచ్చు. అందుకే తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లడం మంచిది. యాంటీబయోటిక్ కూడా నడుస్తుంటే రెండింటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. ఈస్ట్ రకాన్ని యాంటీబయోటిక్ ఏమీ చేయదు కానీ ఫ్లూకొనజోల్ లాంటి ఫంగస్ మందు దాన్ని చంపేస్తుంది.

ఎనిమిది నుంచి పన్నెండు వారాలు చాలు. అప్పటికీ క్యాలెండర్‌లో, క్యాల్‌ప్రొటెక్టిన్‌లో మార్పు లేకపోతే ఆపేయండి, ఇంకో బ్రాండుకు మారొద్దు. ఈలోగా రోజుకు ఆరుసార్లు, అంతకు మించి రక్తంతో విరేచనాలవుతున్నా, జ్వరం వచ్చినా, గుండె దడగా కొట్టుకుంటున్నా, కడుపు బిగుసుకుపోయినా క్యాలెండర్ పక్కన పెట్టి, వాడుతున్న సాషే ప్యాకెట్టుతో సహా అన్ని మందులూ సంచిలో వేసుకుని ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.